చివరి పది మీటర్ల పనితనం

ఉపగ్రహాలు మనిషిని ఒక చోటిదాకా తీసుకొచ్చి చేతులెత్తేస్తాయి. ఫోన్‌లో బాణం గుర్తు కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది. ఆరు మీటర్లంటుంది, రెండడుగులు ముందుకేస్తే తొమ్మిదంటుంది. చుట్టూ చెట్లు, బండలు, మడమ మునిగేంత ఎండుటాకులు. జియోక్యాషింగ్ ఆటలో అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు చిన్న పెట్టె ఒకదాన్ని కంటపడకుండా ఎక్కడో పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పేస్తారు. ఓపికున్నవాళ్లు వెళ్లి వెతికి, దొరికాక లోపలున్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, పెట్టెను ఎక్కడిదక్కడ పెట్టేసి వస్తారు. గెలుపోటములు లేవు, బహుమతి లేదు. అయినా ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి ఇప్పుడు 30 లక్షలకు పైగా ఉన్నాయి. పెద్దవాళ్ల దాగుడుమూతలని నవ్వేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఏటి ఒడ్డు అడవిలో, జనం డేరాలు వేసుకునే చోటికి కూతవేటు దూరంలో, ఏళ్ల తరబడి తడవకుండా, వెతికినవాడికి దొరుకుతూ, వెతకనివాడి కంట పడకుండా ఉండే పెట్టె పెట్టాలంటే సర్వేయరు చేయి, వడ్రంగి చేయి రెండూ ఉండాలి. దాచడం ఎవరైనా దాస్తారు. దొరికేటట్టు దాచడంలో ఉంది కిటుకంతా.

దీని పుట్టుక తేదీతో సహా తెలుసు. అమెరికా సైన్యం నడిపే జీపీఎస్ సంకేతాల్లో మామూలు జనానికి అందే వాటిని కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. క్లింటన్ ప్రభుత్వం ఆ చెడగొట్టడాన్ని 2000 మే 2న ఆపేసింది. మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర చెట్ల మధ్య ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి దాని స్థానం ప్రకటించాడు. లోపల పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, కొంత డబ్బు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా. ఏదైనా తీసుకో, బదులుగా ఏదైనా పెట్టు అన్నదే నియమం. మే 6 నాటికల్లా ఇద్దరు దాన్ని పట్టేశారు. పుస్తకంలో పేరు రాసినవాడు మైక్ టీగ్. ఆ నెలాఖరుకు ఆటకు జియోక్యాషింగ్ అన్న పేరు వచ్చింది. సెప్టెంబరులో సియాటిల్‌కు చెందిన జెరెమీ ఐరిష్ 75 పెట్టెల జాబితాతో దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. దీనికి తాతలాంటి ఆట ఇంగ్లండులో ఎప్పటినుంచో ఉంది: 1854లో డార్ట్‌మూర్ బీడుభూముల్లో, క్రాన్‌మియర్ మడుగు దగ్గర జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచొచ్చినవాళ్లు తమ పేరు చీటీ అందులో వేసి పోయేవారు.

చరిత్రకెక్కితే ఎక్కింది గానీ, పనితనం లెక్కన ఉల్మర్ బకెట్‌కు నేను మంచి మార్కులు వేయను. దాన్ని సగం భూమిలో పాతాడు. ఇప్పుడైతే స్థలం యజమాని అనుమతి లేకుండా మన్ను తవ్వి పెట్టిన పెట్టెను జాబితాలోకే ఎక్కనివ్వరు. తిండి పెట్టాడు, అడవిలో తిండి వాసన పసిగట్టేది మనుషులొక్కరే కాదు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఆ చోటికి ఇంకెవరు, ఏ పని మీద, ఏ యంత్రంతో వస్తారన్నది ఆలోచించకపోవడం. చివరికి గడ్డి కోసే యంత్రం వచ్చి బకెట్‌ను, అందులోని సామానును ఛిద్రం చేసింది. బతికి బయటపడింది బీన్స్ డబ్బా ఒక్కటే. ఇప్పుడా చోట ఒక స్మారక ఫలకం ఉంది, పక్కనే కొత్త పెట్టె ఉంది. ఆ ఆటగాళ్లు యాత్రగా వెళ్లి దాన్ని తాకి వస్తారు. ఇవాళ్టి మంచి పనివాళ్ల జాగ్రత్తల్లో సగం ఈ బకెట్ తప్పులకు వెతికిన విరుగుళ్లే.

ముందు అంకెల సంగతి. ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతు దాకా రాస్తారు. ఉల్మర్ బకెట్ అక్షాంశం ఉత్తరానికి 45 డిగ్రీల 17.460 నిమిషాలు. అక్షాంశంలో ఆ చివరి అంకె ఒకటి మారితే నేల మీద 1.85 మీటర్లు జరిగినట్టు. రేఖాంశం అలా కాదు, ధ్రువాల వైపు పోయేకొద్దీ గీతలు దగ్గరపడతాయి గనుక ఆరెగాన్‌లో అదే అంకెకు 1.30 మీటర్లే, భూమధ్యరేఖకు 13 డిగ్రీల పైనున్న, కర్ణాటకలోని మా శిడ్లఘట్టలో 1.80. అంటే కాగితం మీద రెండు మీటర్లలోపు కచ్చితత్వం. ఫోన్‌కు మాత్రం బయలు ప్రదేశంలోనే మూణ్ణుంచి ఐదు మీటర్ల తేడా ఉంటుంది. దాచినవాడి ఫోన్‌లో ఐదు, వెతికేవాడి ఫోన్‌లో ఐదు, రెండూ చెరో పక్కకు పోతే పది. ఆ పది మీటర్లే మన వ్యాసానికి విషయం.

ఏటి ఒడ్డు అడవిలో ఈ తేడా మరీ పెరుగుతుంది. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సంకేతం అసలే బలహీనం; తడి ఆకులు దాన్ని ఇంకా మింగేస్తాయి. ఏటికి అటూ ఇటూ గట్లు ఎత్తుగా ఉంటే ఆకాశం నడినెత్తిన ఒక పట్టీలా మిగులుతుంది, పక్కల ఉన్న ఉపగ్రహాలు కనబడవు. కొన్ని సంకేతాలు రాతి గోడకు తగిలి వంకరదారిలో వస్తాయి, ఫోన్ వాటిని నిజమనుకుంటుంది. తొందరపడేవాడు అక్కడ నిలబడి ఒక్కసారి అంకెలు చూసి రాసుకుపోతాడు. పని తెలిసినవాడు పరికరాన్ని ఆ చోట కదలకుండా పెట్టి చాలాసేపు కొలతలు పోగుచేసి సగటు తీస్తాడు, ఇంకో రోజు మళ్లీ వస్తాడు. అందులోనూ ఒక మెలకువ ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు రోజుకు నాలుగు నిమిషాల తక్కువలో మళ్లీ అవే చోట్లకు వచ్చేస్తాయి. మర్నాడు అదే వేళకు వెళ్తే ఆకాశంలో నిన్నటి అమరికే, కొలతలో నిన్నటి తప్పే. అందుకని పొద్దున కొలిచినవాడు రెండోసారి సాయంత్రం వెళ్లాలి. ఈ ఒక్క సంగతి పాటించారా లేదా అన్నది వెతికేవాడికి నిమిషంలో తెలిసిపోతుంది. మన దేశంలో ఇప్పుడు శ్రీహరికోట నుంచి ఎగిరిన నావిక్ ఉపగ్రహాల సంకేతాలను కూడా పట్టే ఫోన్లు వస్తున్నాయి. 2013 జులై 1న వాటిలో మొదటిది పైకి లేచింది. ఇలా రకరకాల ఉపగ్రహాలు కలిస్తే లెక్క మెరుగవుతుంది, కానీ ఆకుల కింద పది మీటర్లు ఎక్కడికీ పోలేదు.

తర్వాత చోటు. ఏటి ఒడ్డున చోటు ఎంచేవాడు ముందు చూడాల్సింది చెట్ల కొమ్మల్లోకి. కిందటి వరదకు కొట్టుకొచ్చిన గడ్డి, పీలికలు, ప్లాస్టిక్ కవర్లు ఏ ఎత్తున చిక్కుకుని ఉన్నాయో అది ఏరు స్వయంగా గీసిన గీత. పెట్టె ఆ గీతకు పైనే ఉండాలి. రెండోది, వెతికేవాళ్ల కాళ్లు. పెట్టె దారికి దూరంగా మెత్తటి నేలలో పెడితే వచ్చినవాళ్లంతా నాచు తొక్కుకుంటూ ఒక కొత్త కాలిబాట వేస్తారు. ఆ బాటే పెట్టెను పట్టిస్తుంది, అడవినీ పాడుచేస్తుంది. అందుకే మంచి పనివాళ్లు బండ మీదుగానో, గులకరాళ్ల మీదుగానో చేరుకోగల చోటు చూస్తారు, అడుగు పడినా గుర్తు పడని చోటు. ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలన్న నియమం కూడా ఇలాంటిదే. లేకపోతే అడవంతా పెట్టెలమయం అవుతుంది. డేరాల దగ్గర ఇంకో చిక్కు ఉంది: మరీ దగ్గరగా పెడితే రాత్రి టార్చిలైటుతో తిరిగేవాడిని చూసి పడుకున్నవాళ్లు హడలిపోతారు, మరీ దూరంగా పెడితే పిల్లలు నడవలేరు. ఇలాంటి విడిదిలో పిల్లలకోసం పెట్టేది కాస్త పెద్ద పెట్టెగానే ఉండాలని నా పట్టుదల. ఒక బొమ్మ తీసుకుని ఇంకో బొమ్మ పెట్టడమే వాళ్లకు ఆట. వేలెడంత గొట్టంలో చుట్టిన కాగితం చూపిస్తే ఏ పిల్లాడి మొహమూ వెలగదు.

ఇక పెట్టె. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. అమెరికాలో పాతకాలపు ఆటగాళ్లకు ప్రాణం సైన్యం తూటాల డబ్బా. దళసరి ఇనుప రేకు, మూత అంచున రబ్బరు పట్టీ, మీట వేస్తే మూత కిందికి బిగుసుకుని పట్టీ నొక్కుకుంటుంది. మంచులో, వానలో ఏళ్లు పడి ఉన్నా లోపలి కాగితం పొడిగా ఉంటుంది. ఇంత గట్టి డబ్బా ఇంకోటి లేదు గానీ మన దగ్గర దాని పేరెత్తకపోవడమే మంచిది. తర్వాతిది నాలుగువైపులా గొళ్లేలున్న ప్లాస్టిక్ డబ్బా. కొత్తలో బాగుంటుంది, ఎండకు గొళ్లెం మడత దగ్గర పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది, ఒక్క గొళ్లెం పోయినా నీళ్లు దూరతాయి. పాత ఫిల్ము డబ్బా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తేమను మాత్రం ఆపలేదు. నన్నడిగితే వీటన్నిటిలోకి తెలివైనది ఎవరూ పెట్టెగా తయారుచేయని వస్తువు: కూల్‌డ్రింకు సీసాను గాలితో ఉబ్బించక ముందు ఉండే ప్రీఫారం. అరచేతి పొడవు గొట్టం, గోడ దళసరి, అడుగు గుండ్రం, మెడకు సీసా మరలే, మూత సీసా మూతే. వత్తిడిలో గ్యాసును పట్టి ఉంచడానికి చేసిన బిగింపు అది. వాననీళ్లు దానికో లెక్క కాదు. దాని చుట్టూ రాలిన బెరడు ముక్క అంటించి చెట్టు వేళ్ల సందులో నిలువుగా పెడితే, పక్కన కూర్చుని టీ తాగేవాడికీ కనబడదు.

బెరడు అంటించడంలోనూ మంచీ చెడ్డా ఉన్నాయి. వేరే జాతి చెట్టు బెరడు తెచ్చి అంటించినవాడి పని రెండు నెలల్లో బయటపడుతుంది, రంగు ఒక తీరున వెలుస్తుంది, నాచు ఒక తీరున పడుతుంది. అక్కడే రాలిన ముక్కను, పక్క బెరడు గీతలు ఏ వాటంలో ఉన్నాయో ఆ వాటంలోనే అంటించినవాడిని మెచ్చుకోవాలి. అలాంటి పెట్టెను కన్ను పట్టదు, వేలు పడుతుంది. మా ఊళ్లో పట్టు తీసేవాళ్లు వేడినీళ్లలో నానిన గూటి మీద కొస కోసం తడిమినట్టే, చూపు ఆగిపోయిన చోట వేళ్లు పనిచేయాలి: బెరడు ఒకచోట కాస్త వెచ్చగా, కాస్త తేలిగ్గా, అంచు దగ్గర కాస్త కదిలినట్టు తగులుతుంది. దొరికింది.

లోపల కాగితం, పెన్సిలు. పెన్ను పెట్టినవాడు కొత్తవాడని అర్థం. తేమకు సిరా పాకుతుంది, రాసిన పేర్లన్నీ ఒక నీలి మరకవుతాయి. పెన్సిలు గీత తడిసినా ఉంటుంది. తేమ లాగే చిన్న పొట్లాలు వేయడం కొందరికి అలవాటు, వానలు ఎక్కువ పడే దేశాల్లో అవి వారంలో నిండి ఊరుకుంటాయి, మూత గట్టిదైతే వాటి అవసరమే లేదు.

అన్నిటికన్నా కష్టమైనది చివర రాసే సూచన. ఒక్క వాక్యం, చాలాసార్లు రెండే మాటలు. అప్పటికీ దొరకనివాడు చదవడానికి. ఈ సూచనను అక్షరాలు 13 స్థానాలు జరిపి మారువేషంలో ఉంచుతారు. ఇంగ్లిషులో 26 అక్షరాలే గనుక ఇంకో 13 జరిపితే మళ్లీ మొదటికి వస్తుంది. వద్దనుకున్నవాడి కంట పడకూడదని ఈ ఏర్పాటు. తెలుగులో రాస్తే అక్షరాలు జరిపే ఆ పద్ధతి మన లిపిని ముట్టుకోదు, సూచన బట్టబయలుగానే ఉంటుంది. అదలా ఉంచితే, సూచన రాయడంలో రెండు రకాల అసమర్థులున్నారు. చెట్ల అడవిలో "చెట్టు దగ్గర" అని రాసేవాడు ఒకడు. "పడిపోయిన దుంగ కింద" అని రాసేవాడు రెండోవాడు. చదివితే బాగానే ఉంటుంది, వచ్చే వరదకు దుంగ కొట్టుకుపోతుంది. సూచనలోని వస్తువుకు పెట్టెకన్నా ఎక్కువ ఆయుష్షు ఉండాలి.

ఈ మాట నేను ఆరెగాన్ చూసి అనడం లేదు, మా తాలూకా చూసి అంటున్నాను. బెంగళూరులోనే పుట్టి మైసూరు సంస్థానంలో ఊరూరా శాసనాలు సేకరించిన బి.ఎల్. రైస్ ఎపిగ్రాఫియా కర్ణాటికా సంపుటాల్లో పదోది కోలారు జిల్లాది, 1905లో వచ్చింది. అప్పటికి శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం అన్నీ కోలారు జిల్లాలోనివే. చిక్కబళ్లాపురం వేరే జిల్లా అయింది 2007లో. ఆ సంపుటంలో కన్నడం, తెలుగు, తమిళం శాసనాలున్నాయి. చరిత్రకారులు శాసన పాఠం కోసం దాన్ని తెరుస్తారు. పాఠానికి ముందుండే చిన్న పంక్తి మీద ఎవరి చూపూ నిలవదు. ఏ తాలూకా, ఆ తాలూకాలో ఎన్నో నంబరు, ఏ ఊరు, ఏ హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ల గుంపు), ఆ ఊళ్లో రాయి ఎక్కడుంది: గుడి ముందరా, చెరువు కట్ట మీదా, ఊరికి తూర్పున పొలంలోనా. అక్షాంశాలు లేవు, బాణం గుర్తు లేదు. ఊరి పేరు మనిషిని ఊళ్లోకి తెచ్చి వదిలితే, మిగతా దూరం ఆ పంక్తి నడిపిస్తుంది. అడవిలో పెట్టెకు రాసే సూచనకూ దీనికీ చేసే పనిలో తేడా లేదు.

నూటపాతికేళ్ల దగ్గర పడుతోంది గనుక ఇప్పుడా పంక్తుల్లో ఏవి నిలిచాయో, ఏవి పోయాయో తేల్చి చూడవచ్చు. గుడిని, చెరువు కట్టను, కొండను పట్టుకుని రాసినవి ఇప్పటికీ దారి చూపిస్తాయి; గుడి కొత్తగా కట్టినా చోటు అదే. ఫలానావారి పొలం, ఫలానావారి పెరడు అని మనుషుల్ని పట్టుకుని రాసినవి తరం మారేసరికి చెల్లిపోయాయి. కొన్నిచోట్ల పంక్తి సరిగానే ఉంది, రాయే కదిలింది: రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కకు దొర్లి కాలువలో పడింది, లేకపోతే ఎవరింటికో మెట్టయింది, బట్టలుతికే బండయింది. 1909 నుంచి బెంగళూరులో ఉన్న మిథిక్ సొసైటీ కొన్నేళ్లుగా బెంగళూరు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ ఇలాంటి రాళ్లను వెతికి, త్రీడీ స్కానర్‌తో అక్షరం లోతు సహా పట్టి, స్థానాన్ని అక్షాంశ రేఖాంశాలతో నమోదు చేస్తోంది. ఆ పని చేసేవాళ్లకు రైస్ పంక్తే సూచన. ఆటలో దొరకకపోతే సరదా పోతుంది, ఇక్కడ దొరకకపోతే ఒక ఊరి పాత పేరో, ఆవుల మందకోసం చచ్చిన ఒక వీరుడి ఊసో పోతుంది.

మరి మా జిల్లాలో పెట్టె పెట్టాలంటే? నంది బెట్ట చుట్టూ పెన్న, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని లాంటి నదులు పుడతాయని చెప్పుకుంటామే గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు మా పక్క నదంటే ఇసుకే. చెట్టు తక్కువ, బండ ఎక్కువ. కొలతకు అది వరం, ఆకాశమంతా తెరిచే ఉంటుంది. చిక్కు వేరే దగ్గరుంది. ఒకటి కోతులు. 1,478 మీటర్ల ఎత్తున నంది బెట్ట మీద కోతులు సంచీ జిప్పులు లాగుతాయి, సీసా మూత తిప్పి తాగుతాయి. ప్రీఫారం మూత వాటికి ఏపాటి? తళతళలాడే స్టీలు డబ్బా పెడితే ఇక పూర్తిగా వాటిదే. రెండోది మనుషులు. మా వైపు పాడుబడ్డ గుళ్లు, వీరగల్లుల దగ్గర గుప్తనిధుల కోసం తవ్వే ముఠాల బెడద ఉంది. మునిమాపు వేళ చేతిలో పరికరంతో రాతి సందులో చేయిపెట్టి తడుముతున్నవాడిని ఊరివాళ్లు పట్టుకుంటే, ఆట అని చెప్పి ఒప్పించడం బ్రహ్మతరం కాదు. ఇక అటవీశాఖ భూమిలో అనుమతి లేకుండా ఏదీ వదిలిరాకూడదు. మా దగ్గరి స్కందగిరి కొండ ఎక్కాలన్నా ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అమెరికాలో కూడా జాతీయ పార్కులవాళ్లు తమ నేల మీద అనుమతి లేని పెట్టెల్ని ఉండనివ్వరు.

అందుకే మాకు నప్పేది పెట్టె లేని రకం, ఎర్త్‌క్యాష్. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం మొదలుపెట్టింది. దాచేదేమీ ఉండదు. స్థానం ఇస్తారు, అక్కడి రాయినో మట్టినో గురించి ఒక పాఠం రాస్తారు, దాని కింద కొన్ని ప్రశ్నలు. వెళ్లి, చూసి, కొలిచి, జవాబులు ఆ పాఠం రాసినవాడికి పంపాలి. కోతి ఎత్తుకుపోదు, వరద ముంచదు. పనితనమంతా ప్రశ్నలోకి వచ్చేస్తుంది, అది పెట్టె తయారుచేయడం కన్నా కష్టం. "ఈ రాయి పేరేమిటి" అని అడిగితే ఇంట్లో కూర్చుని చెప్పేస్తారు. అక్కడ నిలబడ్డవాడికి మాత్రమే తెలిసేది అడగాలి, భూవిజ్ఞానం చదవనివాడు కూడా చెప్పగలిగేలా అడగాలి. మా పక్క గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. పైన బరువు తగ్గేకొద్దీ అది ఉల్లిపొరలుగా విచ్చుకుంటుంది, నిలువు చీలికల్లో నీళ్లు దిగి మూలలు అరిగి గుండ్లవుతుంది. ఈ రెండు ముక్కలూ పాఠంలో చెప్పి, నేనైతే ప్రశ్నలు ఇలా రాస్తాను: మీరు నిలబడిన బండ మీద ఊడిన పొర మందం మీ బొటనవేలికి ఎన్ని రెట్లుంది? ఉత్తరం వైపు పొరలు ఎక్కువ ఊడాయా, దక్షిణం వైపా? గుండుకూ కింది బండకూ మధ్య సందులో చేతికి తగిలే మన్ను గరుకుగా ఉందా, మెత్తగా ఉందా? అందులో మెరిసేవి ఏ రంగు?